తాగని చెంబెడు నీళ్లు: వెన్నుపాము గాయం తర్వాత ఒక కేస్ స్టడీ

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. అనంతపురంలో చిన్న క్లినిక్ ఉంది కానీ నా పనిలో సగానికి పైగా చుట్టుపక్కల ఊళ్లలో, ఇళ్లలోనే జరుగుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు క్లినిక్‌కి రావడమే పెద్ద ప్రయాణం కాబట్టి నేనే వెళ్తాను. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఇందులో నాలుగు నెలల పాటు నేను తప్పు చోట వెతికాను. పేషెంట్ కాళ్లు ఏదో చెబుతుంటే దాన్ని కాళ్ల జబ్బుగానే చూశాను. అసలు సంగతి ఆ ఇంట్లో ఒక చెంబు దగ్గర ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ, ఇలాంటి మనిషిని చూసుకుంటున్న ఇళ్లవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. పేషెంటూ ఆయన భార్యా సరేనన్నారు. ఊరు చెప్పను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయనకు ముప్పై దాటింది. భార్య, బడికి పోయే ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారు. నాలుగెకరాల మెట్టలో శనక్కాయ వేస్తారు. వాన లేని కాలంలో చింతచెట్లు గుత్తకు పట్టి, కాయ దులిపించి అమ్మేవాడు. ఫిబ్రవరిలో ఒకరోజు కూలి మనిషి రాకపోతే తనే చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. కింద ఉన్నవాళ్లు ఇద్దరు కాళ్లు, ఇద్దరు చేతులు పట్టి ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి తెచ్చారు. వాళ్లను తప్పు పట్టను, వాళ్లకు ఎవరూ నేర్పలేదు. కానీ ఎత్తు నుంచి పడ్డ మనిషిని నడుము వంగకుండా, తలుపు రెక్క మీదో పలక మీదో పడుకోబెట్టి, తలా మెడా కదలకుండా పట్టుకుని తేవాలన్న సంగతి ప్రతి ఊళ్లో తెలిసి ఉండాలి. చింతకాయల కాలం వచ్చిందంటే నాకు భయమేస్తుంది.

వెన్నులో ఛాతీ భాగంలోని పదో పూస, మేం డి10 అంటాం, అది నలిగిపోయింది. ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. ఏడో వారంలో ఇంటికి పంపుతూ ‘ఫిజియో చేయించుకోవాలి’ అని కాగితం మీద రాసిచ్చారు. నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఏప్రిల్‌లో.

బొడ్డు నుంచి కిందికి స్పర్శ లేదు. కాళ్లలో కదలిక లేదు. మలద్వారం దగ్గర పరీక్షిస్తే స్పర్శ గానీ బిగింపు గానీ తెలియలేదు. వెన్నుపాము గాయం ఎంత తీవ్రమో కొలిచే ఆసియా స్కేల్‌లో దీన్ని ‘ఏ’ అంటారు, అంటే పూర్తి గాయం. చేతులు, భుజాలు మాత్రం చెట్లెక్కిన మనిషివి, గట్టిగా ఉన్నాయి. మూత్రసంచిలో ఎప్పుడూ ఉండిపోయే పైపు, ఫోలీ క్యాథెటర్ అంటాం, అది వేసి యూరిన్ బ్యాగ్ మంచం కోడుకు కట్టారు. పడుకున్నది నులక మంచం. నడుమ కుంగి గుంటలా ఉంది. పిరుదుల పైన ఎముక మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. పుండుకు అది మొదటి మెట్టు.

వాళ్లు అడిగింది

ఆయన తండ్రి అడిగింది ఒక్కటే. “ఎన్ని దినాలకు నడుస్తాడప్పా?”

ఈ ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పకూడదని నాకు అనుభవం నేర్పింది. అబద్ధమూ చెప్పకూడదు. మొదటి వారాల్లో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, పరీక్ష ఫలితం మారే అవకాశం ఇంకా ఉంటుంది. అందుకని, “మే నెలలో మళ్లీ సూదితో, దూదితో మొత్తం పరీక్ష చేస్తాను పెద్దాయనా. అప్పటికి కింద ఎక్కడైనా కొంచెం తెలిసినా నేనే ముందు చెబుతా. ఈలోపు ఆయన లేచి కూర్చోవాల, పుండు పడకూడదు, జ్వరం రాకూడదు. ఈ మూడు నా చేతిలో, మీ చేతిలో ఉండాయి” అన్నాను.

మేలో చేసిన పరీక్షలో ఏమీ మారలేదు. మూడు నెలలు దాటినా ఛాతీ భాగంలో గాయం పూర్తిదిగానే ఉంటే నడక తిరిగొచ్చే అవకాశం బాగా తక్కువ. ఆ మాట పేషెంట్‌కు, భార్యకు, తండ్రికి ఒకేసారి చెప్పాను, ముగ్గురూ ఉండగా. వేరువేరుగా చెబితే ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటారు. ఆ బరువు అందరినీ తినేస్తుంది. తండ్రి లేచి బయటికి వెళ్లిపోయాడు. పేషెంట్ గోడవైపు తిరిగి, “కూర్చోని నేనేం చేస్తా సార్” అన్నాడు. నేను వేలూరులోని డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతి చెప్పాను. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుము కింద అంతా చచ్చుబడిపోయింది. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. వేలూరులో 1966లో మొదలైన పునరావాస కేంద్రం ఆమె చలవే. ఆయన విన్నాడు కానీ ఏమీ అనలేదు. ఆ రోజుకు అది చాలు.

మొదటి ప్లాన్

తొలి నిర్ణయం ఫోలీ తీసేయడం. ఇది యూరాలజిస్ట్‌తో మాట్లాడి చేసింది. ఫోలీ నెలల తరబడి లోపలే ఉంటే ఇన్ఫెక్షన్ వస్తుంది, రాళ్లు కడతాయి, మూత్రనాళం ఒరుసుకుపోతుంది. దానికి బదులు నాలుగైదు గంటలకోసారి సన్నటి పైపు పెట్టి, మూత్రం ఖాళీ చేసి, తీసేయడం మంచిది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఒకప్పుడు ఎక్కువగా కిడ్నీలు పాడై చనిపోయేవాళ్లు. ఆ రోజులు మారడానికి ఈ పద్ధతి కూడా ఒక పెద్ద కారణం.

డి10 గాయంలో మూత్రసంచి తనంతట తాను బిగుసుకుంటుంది. అదే సమయంలో కింద తలుపులా ఉండే కండరం కూడా మూసుకుంటుంది. విజిల్ మూసుకుపోయిన కుక్కర్‌లా లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది. అందుకే ఒక్కసారికి 400, మహా అయితే 500 మిల్లీలీటర్లు దాటకముందే ఖాళీ చేయాలి.

భార్య రెండు రోజుల్లో నేర్చుకుంది. నేను ఒక కార్డు గీసిచ్చాను. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. ప్రతి గడిలో టిక్కు పెట్టాలి. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు తాగాలి. నులక మంచం తీయించి, నాలుగంగుళాల ఫోమ్ పరుపుతో చెక్క మంచం వేయించాను. రెండు గంటలకోసారి పక్క తిప్పమన్నాను. మచ్చ మూడు వారాల్లో పోయింది. విరేచనానికి ఉదయం వేడి రాగి జావ తాగిన అరగంటకు, రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టడం అలవాటు చేశాం. ఇది పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

నవంబర్ దాకా అంతా బాగానే నడిచింది. చక్రాల కుర్చీలోకి మారడం సగం సాయంతో వచ్చింది. నేను కూడా వారానికి మూడుసార్లు వెళ్లేవాణ్ని పదిహేను రోజులకోసారికి తగ్గించాను. అదీ క్లినిక్ అయ్యాక, సాయంత్రం ఆరు తర్వాత.

తేడా మొదలైంది

జనవరిలో కాళ్ల ఎగురుడు పెరిగింది. దుప్పటి తగిలినా మోకాళ్లు ముడుచుకుని పైకి లేచేవి. రాత్రి నిద్ర లేదు. ఇంట్లో మాత్రం సంబరం. తల్లి నన్ను చూడగానే, “కాళ్లు లేస్తాండాయి సామీ, నరాలు పని చేస్తాండాయి” అంది. ఇలాంటి ఆశను తుంచడం చాలా కష్టం. కానీ తుంచకపోతే ఆ ఇల్లు ఆ ఎగురుడును పెంచడానికే చూస్తుంది. అది మెదడు పంపే కదలిక కాదనీ, గాయం కింద ఉన్న వెన్నుపాము తనకు తానే ఉలిక్కిపడుతోందనీ చెప్పాను. “మరి ఇంతకుముందు ఇంతగా ల్యాకపోయె కదా?” అని ఆమె అడిగింది.

సరిగ్గా ఆ ప్రశ్నే నేను వేసుకోవాల్సింది. వేసుకోలేదు. ఎగురుడు అంటే స్పాస్టిసిటీ, కండరాల బిగుసు. దానికి స్ట్రెచింగ్, దానికి బిగువు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర. నా బుర్ర ఆ దారిలోనే పోయింది. స్ట్రెచింగ్ రెండు పూటలా చేశాం. నా మాట మీద డాక్టర్ బాక్లోఫెన్ 10 మిల్లీగ్రాముల నుంచి మెల్లగా 20కి పెంచారు, రోజుకు మూడుసార్లు. ఎగురుడు కొంచెం తగ్గింది కానీ మనిషి మత్తుగా ఉండేవాడు. నడుము దగ్గర బిగువు పోయి కూర్చుంటే ఒరిగిపోయేవాడు. ఫిబ్రవరి చివర్లో మంచం నుంచి కుర్చీలోకి మారుతూ జారి కింద కూర్చుండిపోయాడు. ఎముక విరగలేదు, అది మన అదృష్టం.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో ఎగురుడు ఉన్నట్టుండి పెరిగితే మందు పెంచకముందు ఆ మనిషిని తల నుంచి కాలి గోరు దాకా వెతకాలి. మూత్రసంచి నిండిందా, ఇన్ఫెక్షన్ ఉందా, మలం గట్టిపడిందా, ఎక్కడైనా పుండు పడుతోందా, బొటనవేలి గోరు కండలోకి దిగిందా చూడాలి. నొప్పి ఆ మనిషికి తెలియదు కానీ వెన్నుపాముకు చేరుతుంది. గాయం డి6 దగ్గర గానీ అంతకన్నా పైన గానీ ఉంటే మూత్రం నిండినప్పుడు బీపీ ఎగబాకి, తలపోటు, ముఖం మీద చెమటలు వచ్చేవి. ఎవరికైనా తెలిసిపోయేది. ఈయనది డి10 కాబట్టి ఆ గంట మోగలేదు. కాళ్ల ఎగురుడొక్కటే గంట. దాన్ని నేను మందుతో నొక్కిపెట్టాను.

మార్చి ఆఖర్లో చలిజ్వరం వచ్చింది. అప్పటికే ఎండ నలభై దగ్గర ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వడదెబ్బ అని గ్లూకోజ్ ఎక్కించి, ఇంజెక్షన్ ఇచ్చాడు. తగ్గింది. పది రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే. రెండో జ్వరం సంగతి నాకు తెలిసింది ఏప్రిల్ రెండో వారంలో. మూత్రం తెల్లగా, మబ్బుగా ఉందని, వాసన వస్తోందని భార్య అప్పుడు చెప్పింది. మరుసటి రోజే యూరాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లాం. స్కానింగ్‌లో మూత్రసంచిలో రాయి కనిపించింది. కిడ్నీలు బాగున్నాయి.

డాక్టర్ నన్ను అడిగాడు, “నీళ్లు ఎంత తాగుతాడు?” నేను కార్డు చూసి రెండున్నర లీటర్లు అన్నాను. ఆయన రిపోర్ట్ నా ముందుకు జరిపాడు. మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే చిక్కదనం, 1.030. “అన్ని నీళ్లు తాగే మనిషి మూత్రం ఇంత చిక్కగా ఉండదు” అన్నాడు.

ఇంటికొచ్చి ఆ కార్డులు మళ్లీ తీశాను. డిసెంబర్ నుంచి ఒక్క గడి ఖాళీ లేదు. ప్రతి టిక్కూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంది. నిజంగా నాలుగు గంటలకోసారి పెట్టిన టిక్కులైతే ఒకటి తడిసి, ఒకటి మరిచి, ఒకటి పిల్లల పెన్సిల్‌తో ఉండేది.

మధ్యాహ్నం పన్నెండుకు

ఈసారి చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండుకు వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ముసలమ్మ వంటింట్లో కూర్చుని ఉంది, ఆమెకు చూపు సరిగా ఆనదు. తండ్రి గొర్రెల వెంట పోయాడు. పేషెంట్ పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. గూట్లో చెంబు నిండా నీళ్లు, పైన ప్లేటు మూసి ఉంది. ఆ గూడు మంచానికి అవతలి గోడకు ఉంది, ఆయన చేయి అందదు.

“పొద్దున్నించి ఎన్ని తాగావన్నా?” అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “నీళ్లు తాగితే ఒంటికి పోవాల కదా సార్. ఆమె చీనీ తోటకు కూలికి పోతాది. పొద్దున ఏడుకు పోతే మళ్లీ రెండున్నరకు వస్తాది. అంతదాకా పైపు ఎవరు పెడతారు? అందుకే తాగను.”

డిసెంబర్ నుంచి ఇదే. అప్పులోళ్లు ఇంటి ముందుకు రావడం మొదలయ్యాక ఆమె కూలికి పోవడం మొదలుపెట్టింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అప్పటికి చేతికి రాలేదు, పింఛన్ లేదు. నాకు చెబితే తిడతానని కార్డులో టిక్కులు ఇద్దరూ కలిసి రాత్రిపూట పెట్టేవాళ్లు. ఆ రోజు ఆమె వచ్చేదాకా కూర్చున్నాను. రెండున్నరకు పైపు పెడితే 750 మిల్లీలీటర్లు వచ్చింది. ఎనిమిది గంటలు బయటికి పోకుండా నిలిచిన మూత్రం అది. నీళ్లు మానేసినా ముందు రోజు రాత్రి తాగినవి, పొద్దున జావ, ఇవన్నీ ఎక్కడికి పోతాయి?

వాళ్లు తప్పు చేశారని నేను అనుకోను. నేను గీసిన కార్డు ఇంట్లో పగలంతా ఒక మనిషి ఖాళీగా ఉంటాడన్న నమ్మకం మీద గీసింది. మొదట్లో ఆ నమ్మకం నిజమే. డిసెంబర్‌లో అబద్ధమైంది. నేను చీకటి పడ్డాక వెళ్లి, అందరూ ఇంట్లో ఉన్న వేళ చూసి, అంతా బాగుందనుకున్నాను.

ఏది వద్దనుకున్నాం, ఎందుకు

రాయిని ఎండోస్కోపీతో పగలగొట్టి తీశారు. మూత్రం కల్చర్ పరీక్ష ప్రకారం యాంటిబయాటిక్ ఇచ్చారు. ఆ తర్వాత ముందున్న దారులు నాలుగు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం.

మళ్లీ ఫోలీ వేయడం అన్నిటికన్నా సులువు. కానీ ఇప్పటికే రాయి కట్టిన మూత్రసంచి అది. పైన తొడిగే కాండోమ్ క్యాథెటర్ పెడితే కారింది బ్యాగ్‌లో పడుతుంది కానీ లోపలి ఒత్తిడి తగ్గదు, నిలవ ఉన్నది ఉండిపోతుంది. మూడోది ఆమె కూలి మానేయడం. ఆమె దానికి ఒప్పుకుంది కూడా. నేను ఒప్పుకోలేదు. అప్పు ఎలా తీరుతుందన్నది నా వృత్తిలోకి రాకపోవచ్చు, కానీ ఆ ఇంట్లో కూలి ఆగితే మొదట తగ్గేది పప్పూ గుడ్డూ. ప్రోటీన్ తగ్గితే పుండు పడుతుంది.

నాలుగోది ఆయన తనకు తానే పైపు పెట్టుకోవడం. రెండు చేతులూ బాగున్న మనిషి. మరి ఏడాదిగా ఎందుకు నేర్పలేదు? నిజం చెప్పాలంటే, భార్య చేస్తోంది కదా అని మేమెవరం అడగలేదు. ఆయనకు సిగ్గు ఉందేమో అనుకున్నాను. ఆమె నీళ్లు తేవడానికి బయటికి వెళ్లినప్పుడు ఆయనే అన్నాడు, “సార్, ఆమె నాకు పెండ్లాం మాదిరి కాకుండా నర్సు మాదిరి అయిపాయ. నేనే చేసుకుంటే ఆమె నాకు తిరిగొస్తాది.” ఇంత బలమైన కారణం నేనెప్పుడూ ఇచ్చి ఉండలేను.

అడ్డం ఒకటే. పైపు పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. ఆయన కూర్చుంటే ఒక చేయి ఎప్పుడూ పరుపు మీద ఊతగా ఉండేది. కాబట్టి ఫిజియోథెరపీ లక్ష్యం మారింది. నిలబడటం, స్ప్లింట్లు, కాళ్లకు ఊతంగా కట్టే కాలిపర్లు అన్నీ పక్కన పెట్టాం. చేతుల ఊతం లేకుండా ఐదు నిమిషాలు కూర్చోవడం. అంతే. తండ్రి, “నడక కాదని చెప్పి ఇప్పుడు కూర్చోడం నేర్పిస్తాండావా?” అని కోపపడ్డాడు. ఆయన కోపం న్యాయమైనదే. సాయంత్రం ఆయన్ని పక్కకు పిలిచి, ఈ ఐదు నిమిషాలు వస్తే కొడుకు పగలంతా ఎవరి కోసం ఎదురు చూడక్కర్లేదని చెప్పాను.

పని చేసింది

మొదట డాక్టర్ బాక్లోఫెన్‌ను మెల్లమెల్లగా తగ్గించారు. ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ రావచ్చు కాబట్టి వారాల మీద తగ్గించాలి. రాయి, ఇన్ఫెక్షన్ పోయాక ఎగురుడు దానంతట అదే సగానికి పైగా తగ్గింది. మత్తు దిగింది, నడుములో బిగువు తిరిగొచ్చింది.

మంచాన్ని గది మూలకు జరిపాం. వీపుకు ఒక గోడ, ఎడమ పక్కకు ఒక గోడ. మోకాళ్ల కింద దిండు. ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు ఒలకకుండా పోయమన్నాను. రెండు చేతులూ పనిలో ఉంటాయి, కళ్లు నీళ్ల మీద ఉంటాయి, నడుము తనకు తానే సర్దుకోవాలి. మొదటి రోజు మూడుసార్లు పోసి ఒరిగిపోయాడు. పిల్లలు లెక్కపెట్టేవాళ్లు. మూడో వారానికి గోడను వదిలి కూర్చుని పోయగలిగాడు. ఇంత మంచి వ్యాయామం నా క్లినిక్‌లో ఉన్న ఏ పరికరంతోనూ చేయించలేదు.

పైపు పెట్టుకోవడం యూరాలజిస్ట్ దగ్గరి మేల్ నర్స్ నేర్పాడు. అది నా పని కాదు, నేను పక్కన ఉన్నాను. సబ్బుతో చేతులు కడుక్కోవడం, జెల్లీ, మెల్లగా లోపలికి పంపడం, మూత్రం వచ్చాక ఇంకో అంగుళం, పూర్తిగా ఆగాక మెల్లగా తీయడం. మధ్యలో అడ్డం తగిలితే ఊపిరి పీల్చి ఆగాలి, తోయకూడదు. మూడో రోజు ఇంట్లో రక్తం చుక్క కనబడింది. భయపడి మానేశాడు. రెండు రోజులు మళ్లీ భార్యే పెట్టింది. నర్స్ ఫోన్‌లో అడిగితే తేలింది, జెల్లీ అయిపోతుందని పొదుపుగా వాడుతున్నాడు, ఎవరైనా వస్తారేమోనన్న టెన్షన్‌లో తొందరపడుతున్నాడు. జెల్లీ ట్యూబులు ఎక్కువ తెప్పించాం. తలుపుకు లోపలి గడియ ఆయన చేతికందే ఎత్తులో బిగించాం. ఆ గడియ చేసినంత మేలు నా సలహాలేవీ చేయలేదు.

కార్డు మళ్లీ గీశాం, ఈసారి ఆయన చేత. మూడు రోజులు తాగింది, వచ్చింది కొలిచి రాశాడు. గీతలున్న నీళ్ల బాటిలే కొలత. వేళలు పాతవే, కానీ పది, రెండు ఆయనవి. పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు ఎక్కువ, రాత్రి ఎనిమిది తర్వాత తక్కువ. మజ్జిగ, రాగి జావ కూడా లెక్కలోకి వచ్చాయి. ఏ పూటైనా 400 దాటితే తర్వాతి విడత ఒక గంట ముందుకు జరపాలి. చెంబును మంచం పక్కనున్న స్టూలు మీదికి మార్చాం.

మూత్రసంచి బిగువు తగ్గించడానికి డాక్టర్ ఇచ్చిన మాత్రతో నోరు ఎండిపోయేది, విరేచనం గట్టిపడేది. ఇంకో సంగతి, ఆ రకం మాత్రలు చెమటను కూడా తగ్గిస్తాయి. గాయం కింద భాగంలో చెమట ముందే సరిగా పట్టదు. అనంతపురం మే నెలలో ఇది చిన్న విషయం కాదు. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దని, తడిగుడ్డ మెడకు వేసుకోమని చెప్పాను. అయినా ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, కింద ఎండకు కాలిన తాడిపత్రి నల్లబండ మీద పాదాలు ఆనించాడు. తెలియలేదు. మడమకు బొబ్బ వచ్చి మానడానికి ఐదు వారాలు పట్టింది. బండల ఇళ్లున్న మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఈ హెచ్చరిక మొదటి రోజే చెప్పాలి. నేను చెప్పలేదు.

గడప సంగతి కూడా చెప్పాలి. నాలుగంగుళాల గడప దాటకుండా కుర్చీ బయటికి పోదు. గడప కోయడానికి తల్లి ఒప్పుకోలేదు. ఆమె రోజూ పసుపు రాసే గడప అది, నేనూ బలవంతం చేయలేదు. అటొకటి ఇటొకటి నాలుగేసి అడుగుల చెక్క పలకలు వడ్రంగి చేత చేయించాం. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. రాత్రి తీసి గోడకు ఆనిస్తారు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఇంటికి వెళ్లి చూసే ప్రతి కేసులో నెలకొకసారైనా పగటి వేళ, ఇంట్లోవాళ్లు పనికి పోయే వేళ వెళ్తున్నాను. కార్డు నిండుగా ఉంటే మెచ్చుకోవడం మానేశాను. “ఏ పూట కుదరలేదు?” అని అడుగుతున్నాను. కుదరని పూట చెప్పినందుకు తిట్టనని వాళ్లకు నమ్మకం కలగడానికి చాలా రోజులు పడుతుంది. ఎగురుడు పెరిగిందంటే ముందు మూత్రం, మలం, చర్మం, గోళ్లు చూస్తాను. మందు మాట ఆ తర్వాతే. చేతులు బాగున్న ప్రతి మనిషికీ మొదటి నెలల్లోనే సొంతంగా పైపు పెట్టుకోవడం నేర్పించమని యూరాలజిస్ట్‌ను అడుగుతున్నాను. అందుకోసం కూర్చోవడం మీద నేను ముందు పని చేస్తున్నాను. జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోకముందు నాకు ఫోన్ చేయమని కార్డు వెనక పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

పేషెంట్ ఇప్పుడు

ఏడాది దాటింది. తర్వాత చలిజ్వరం ఒక్కసారే వచ్చింది, అదే రోజు డాక్టర్ దగ్గరికి వచ్చారు. ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయిస్తున్నాం, కిడ్నీలు బాగున్నాయి. బాక్లోఫెన్ మళ్లీ 10 మీద ఉంది.

బస్టాప్ దగ్గర చిన్నాయన కొడుకు అంగట్లో పది నుంచి ఐదు దాకా కూర్చుంటున్నాడు. పావుగంటకోసారి చేతుల మీద లేచి పిరుదులు ఎత్తుకుంటాడు, అంగట్లో అందరికీ అలవాటైంది. వెనక సరుకుల గదికి ఒక పరదా కట్టారు. అక్కడ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పైపులు, జెల్లీ, సబ్బు ఉంటాయి. ఆ మధ్య ధర్మవరంలో పెండ్లికి పొద్దున్నే పోయి రాత్రి వచ్చారు. మంటపంలో బాత్‌రూమ్‌కి మూడు మెట్లు ఉంటే కారులోనే పని కానిచ్చుకున్నాడట.

సదరం సర్టిఫికెట్ వచ్చింది, పింఛన్‌కు పెట్టుకున్నారు. ఎన్‌టీఆర్ భరోసాలో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛన్ 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. అంగట్లో కనబడితే పింఛన్ ఇవ్వరేమో అని తండ్రి భయం. కుర్చీలో ఉన్నవాళ్ల కోసమే ఆ నియమం ఉందని ఎన్నిసార్లు చెప్పినా ఎవరైనా కొత్తవాళ్లు వస్తే కొడుకును లోపలికి పొమ్మంటాడు.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆయన కాలిపర్ల మాట మళ్లీ ఎత్తాడు. రోజూ కొంతసేపు నిలబడితే కాళ్ల బిగుసు తగ్గుతుందని విన్నాడట. అది నిజమే. కొలతలు తీసుకున్నాం. తయారయ్యాక అంగడి మూసిన తర్వాత, సాయంత్రం ఆరు విడత అయ్యాక నిలబెట్టమన్నాడు. పది, రెండు వేళలు మాత్రం మార్చనన్నాడు.